గొంగళి కళ్ళు

జూన్ 2

అత్తా,

క్షేమంగా చేరావని నీ కార్డు మొన్న అందింది. ఫోన్ వద్దు, ఉత్తరాలు రాయమన్నావు. నాకూ అదే నయం. కుట్టుమిషన్ల చప్పుడుకి నీ చెవులు సగం పోయాయి. నా గొంతు పుట్టినప్పటి నుంచీ సగమే. నీకు వినపడేలా నేను అరిచానంటే మన ఇంటి సంగతులన్నీ కింది వాటాలో ఇంటి ఓనరుకి తెలిసిపోతాయి. ఆవిడకి నువ్వు పెట్టిన పేరే నా నోటికీ వచ్చేసింది. ఇవాళ పొద్దున తాళాలావిడ నడుముకి గుత్తి గలగలలాడించుకుంటూ మెట్లు కడిగించింది.

ఇల్లు నువ్వు వదిలినట్టే ఉంది. కుట్టుగదిలో బల్ల మీద దుప్పటి కప్పాను. సాయంత్రం ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం ముగించుకుని వచ్చేసరికి గొంగళి నీ మిషన్ కింద, పెడలు మీద గడ్డం ఆనించి, తోక చుట్టుకుని పడుకుని ఉంటోంది. నువ్వు ఊళ్ళో లేవని దానికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

ఒక సంగతి అడగాలి. దాని కళ్ళ మీదకి జుట్టు బాగా దిగింది. నిన్న గుమ్మానికి గుద్దుకుంది. కుడి కంట్లోంచి నీరు కారి, ముక్కు పక్కన జుట్టు అట్ట కట్టింది. తాళాలావిడ మెట్ల మీద ఆగి, "ఏమ్మాయ్, మీ కుక్కకి ముందేదో వెనకేదో తెలియడం లేదు, కాస్త బొట్టు పెట్టి గుర్తు పెట్టుకోండి" అంది. గదిలోకి వచ్చి తలుపేసుకున్నాక మంచి జవాబులు చాలా తోచాయి.

నువ్వు ఎలా కత్తిరిస్తావో రాస్తావా? ఇన్నాళ్ళు ఇక్కడ ఉన్నా నేను ఒక్కసారి కూడా చూడలేదు. నువ్వు తలుపు వేసుకుంటావు కదా.

నీ
చీమ


జూన్ 5

ఒసేయ్ చీమా,

నీ కాన్వెంటు చేతిరాత చూసి మా గదిలో అమ్మాయిలు ఇది అచ్చు వేయించిందా అని అడిగారు. మా మేనకోడలు పుస్తకాల్లో పుట్టి పుస్తకాల్లో పెరిగింది, మనుషులతో మాట్లాడమంటే మాత్రం గోడకి అంటుకుపోతుంది అని చెప్పా.

ఇక్కడి సంగతి. కార్ఖానా చాలా పెద్దది. ఒక హాల్లో మిషన్లన్నీ ఒక్కసారి మొదలైతే నాకే వినపడుతుంది, ఇక చూసుకో. కటింగ్ బల్ల దగ్గర ఒక ఆడది నిలబడడం ఇక్కడ ఇదే మొదలట. టిఫిన్ టైములో ఏదో వంక పెట్టుకుని వచ్చి చూసిపోతున్నారు. నేను బల్ల చివర, గోడ పక్కన చోటు అడిగి తీసుకున్నా. వానలు తగ్గేదాకా చూస్తారు. నచ్చితే కటింగ్ మాస్టర్‌గా ఉంచుతారు. లేదంటే మళ్ళీ స్కూలు నిక్కర్లే నా మొహాన. సొంత సామాను లోపలికి రానివ్వరు. అందుకే నా కత్తెరలు ఇంట్లో పెట్టి వచ్చా, కడుపు తరుక్కుపోయినా సరే.

గొంగళి సంగతికి వస్తా. కుక్కల సెలూన్‌కి మాత్రం తీసుకెళ్ళకు. పోయినసారి అక్కడి పిల్ల చెయ్యి కరిచింది, మళ్ళీ మా గడప తొక్కొద్దన్నారు. దానికి తెలిసిన మనుషులు ఇంట్లోనే చెయ్యాలి. ఇప్పుడు నువ్వే.

గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి అట్ట కట్టినదాన్ని నానబెట్టు. పీకకు. బల్ల మీద కూర్చోబెట్టి నువ్వు వెనక నిలబడు. ఎదురుగా నిలబడితే కత్తెర దానికి కనిపిస్తుంది. ఒక చేత్తో గడ్డం కింద పట్టుకో. సన్న దువ్వెనతో జుట్టు ముందుకి దువ్వు. కత్తెర మొన ఎప్పుడూ ముక్కు వైపే చూడాలి, కంటి వైపు కాదు. కాలరు వంపు కోసేటప్పుడు ఎలా కొంచెం కొంచెం పోతామో అలా పో. ఒకేసారి పెద్ద కోత వద్దు. రెప్ప వెంట్రుకలు ముట్టుకోవద్దు.

చిన్న కత్తెర సొరుగులో ఫ్లానెల్ గుడ్డలో ఉంది. దాని మొనలు గుండ్రంగా అరగదీయించా, ఈ పని కోసమే. పెద్దది ముట్టుకున్నావో చచ్చావే. చిన్నదైనా ముట్టుకోమంటున్నానంటే నా అవస్థ నువ్వే అర్థం చేసుకో.

అత్త


జూన్ 9

అత్తా,

ముందుగా, గొంగళి బతికే ఉంది. కంగారు పడకు.

ఆదివారం మధ్యాహ్నం నువ్వు రాసినట్టే మొదలుపెట్టాను. దూదితో నానబెట్టినంతసేపు బాగానే ఉంది. బల్ల మీద కూర్చుంది. గడ్డం పట్టుకున్నాను. ముక్కు మీది జుట్టు దువ్వి, మొన ముక్కు వైపు పెట్టి కత్తెర మూశాను.

జుట్టు తెగలేదు. రెండు రెక్కల మధ్య మడతపడి ఇరుక్కుంది. ఇంకాస్త నొక్కాను. ఇంకాస్త మడతపడింది. ఆ కత్తెర కోయదు అత్తా, నములుతుంది. పైగా దాని పై రెక్క అడ్డం వచ్చి మొన ఎక్కడుందో నాకు కనపడలేదు. చూద్దామని వంగాను. అప్పుడే గొంగళి అరిచి తల విదిలించింది. ఆ అరుపు నేను ఇంతకుముందు వినలేదు. నా చేతిలోంచి కత్తెర జారింది కానీ కింద పడలేదు. జుట్టుకి వేలాడుతూ దాని కంటి ముందు ఊగింది. అది తప్పించుకోవాలని బల్ల మీద వెనక్కి వెనక్కి జరుగుతోంది. నేను రెండు చేతులతో తలను నా పొట్టకి అదిమి పట్టుకుని, కూరలు తరిగే చాకుతో ఆ జుట్టు కోసి కత్తెర విడిపించాను. నా రవిక మీద నెత్తురు చూసి అది నాదే అనుకున్నాను.

కింది రెప్ప మూల చిట్లింది. పశువుల డాక్టరు దగ్గరికి ఎత్తుకునే వెళ్ళాను. రెప్ప గాయం చిన్నదేనట, మానిపోతుందట. కానీ ఆయన జుట్టు పైకి తీసి లైటు వేసి చాలాసేపు చూశాడు. కుడి కనుగుడ్డు మీద పుండు ఉంది. అది నా వల్ల కాదట, జుట్టు రోజూ ఒరుసుకుని పడిందట. చుక్కల మందు ఇచ్చాడు.

"జుట్టు తీయకుండా మందు వేస్తే, ఒక పక్క కుడుతూ ఇంకో పక్క చింపినట్టే" అన్నాడు. మరి మీరే తీయండి అన్నాను. అంత పెద్ద మాట నేనే అన్నాను. ఆయన స్టెతస్కోపు నా చెవుల్లో పెట్టి దాని గుండె వినిపించాడు. "ఇది ముసలి గుండె. నిద్రమందు ఇస్తే లేస్తుందని నేను హామీ ఇవ్వలేను. మందు లేకుండా పట్టుకుంటే ఇక్కడ నన్ను చూసే ఎలా వణుకుతోందో చూస్తున్నావుగా. ఇంట్లోనే, తెలిసిన చేతులతో కానీయండి."

తెలిసిన చేతులు నీవి. నేను ఏం చెయ్యాలి?

చీమ


జూన్ 12

చీమా,

"బతికే ఉంది" అని మొదలుపెడతారటే ఎవరైనా ఉత్తరం? బల్ల పట్టుకుని నిలబడిపోయా. సూపర్‌వైజరు వచ్చి ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాడు. కుక్క అని చెప్పలేక తలనొప్పి అన్నా.

ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. ఆ కత్తెరతో కాగితాలు కోశావా? నీ ప్రూఫు కాగితాలు, పుస్తకాల అట్టలు, ఇంకేవో. గుడ్డ కోసే కత్తెర ఒక్కసారి కాగితం మీద పడితే దాని బతుకు అయిపోయినట్టే. నా కత్తెర నమలడమేమిటి? వెంట్రుక గాల్లో పట్టుకుంటే తెగుతుంది అది! నేను వదిలి వచ్చినప్పుడు అలాగే ఉంది. ఇప్పుడు నమిలిందంటే మధ్యలో ఏదో జరిగింది. కోశానంటే కోశానని చెప్పు, తిట్టను. ఇప్పుడు తిడుతున్నది లెక్కలోకి రాదు.

ఆ పుండు కూడా ఊరికే పడదు. తాళాలావిడ మెట్లకి ఫినాయిలు పోయిస్తుంది చూడు, ముక్కు బద్దలయ్యేలా. గొంగళి ఆ మెట్ల మీదే పడుకునేది. ఆవిడకి అది అంటే మొదటి నుంచీ పడదు. వెళ్ళి అడుగు. నువ్వు అడగవు, నాకు తెలుసు. నువ్వు ఆవిడ ఎదురైతే నమస్కారం పెట్టి గోడలో దూరతావు.

ఇక్కడ నా బతుకూ ఏం బాగాలేదు. ఈ కార్ఖానాలో మంచి కత్తెర ఒక్కటి లేదు. ఎన్ని మార్చినా అంతే. నిన్న చొక్కా ముందుభాగాలు దొంతరగా పేర్చి కోస్తుంటే అంచులు ఎలక కొరికినట్టు వచ్చాయి. ఆ సూపర్‌వైజరు అదే కత్తెర తీసుకుని నా ముందే కోసి చూపించాడు. వెన్నలా పోయింది. "కత్తెర బాగానే ఉందమ్మా" అన్నాడు, అంతే. ఆ మర్యాద చెంపదెబ్బ కన్నా మంట.

గొంగళికి చుక్కలు మానకు. ఆ కత్తెర సానపట్టించి మళ్ళీ కోసి చూడు. భయపడకు, నీ భయం దానికి తెలిసిపోతుంది.

అత్త


జూన్ 15

అత్తకి,

నేను కాగితం కోయలేదు. ఆ సొరుగు నువ్వు వెళ్ళాక మొదటిసారి తెరిచింది ఆదివారం నాడే.

నువ్వు చెప్పినట్టు సానపట్టించాను. పట్టినతను వేలితో చూసి, దీనికి పదునేం తక్కువ లేదే అంటూనే పట్టి ఇచ్చాడు. నిన్న మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ నమిలింది. ఈసారి గాయం కాలేదు, ఎందుకంటే గొంగళి నన్ను దగ్గరికి రానివ్వలేదు. పళ్ళు చూపించింది. నువ్వు తెచ్చిన రోజు నుంచీ నా మంచం కింద నిద్రపోయే కుక్క నాకు పళ్ళు చూపించింది.

ఇప్పుడు కన్ను గీరుకోకుండా డాక్టరు మెడకి కట్టిన ప్లాస్టిక్ గరాటుతో బీరువా వెనక కూర్చుంటోంది. చుక్కలు వేయడానికి కూడా బతిమాలాలి. డాక్టరు ఇవాళ మళ్ళీ చూశాడు. పుండు లోతుకి పోతోందట. వచ్చే వారంలోగా జుట్టు తీసి, మందు సరిగ్గా పడకపోతే కన్ను పగలొచ్చు, అప్పుడు కన్ను తీసేయాలి అన్నాడు. కన్ను తీయాలంటే నిద్రమందు ఇవ్వక తప్పదు. నిద్రమందు సంగతి నీకు ముందే రాశాను.

తాళాలావిడని నేను ఏమీ అడగలేదు.

నేను ఇక ప్రయత్నించను. ఒక మనిషి తప్పు చేస్తున్నానని తెలిసి కూడా మళ్ళీ అదే చేయడం తప్పు. ఏం తప్పు చేస్తున్నానో తెలియకుండా చేయడం ఇంకా పెద్ద తప్పు. నా మీద నీకు నమ్మకం లేదని అర్థమైంది. నాకూ లేదు.

ఇట్లు,
నీ మేనకోడలు


జూన్ 17

చీమా,

"ఇట్లు నీ మేనకోడలు" అట. నా మేనకోడలివి కాకపోతే ఎవరి మేనకోడలివే? ఏడవకు. నేను నోరు జారానులే. ఈ నోరు నీకు కొత్తా?

వచ్చేస్తున్నా. శనివారం సాయంత్రం బస్సుకి దిగుతా. ఆ రోజు పొద్దున్నే సూపర్‌వైజరుకి చెప్పేస్తా. సెలవు అడిగితే ఇవ్వడు, పరీక్ష మీద ఉన్నవాళ్ళకి సెలవు లేదట. సరే, ఉద్యోగమే వద్దంటా. ఎలాగూ ఇక్కడ నాకు నూకలు చెల్లేలా ఉన్నాయి. ఈ దిక్కుమాలిన కత్తెరలు కోయవు, నములుతాయి. పై రెక్క అడ్డం వచ్చి సుద్ద గీత కనపడి చావదు. తొంగి తొంగి చూసి మెడ పట్టేసింది, బొటనవేలి మొదట బొబ్బ లేచింది. ఆయన పాపం మూడో కత్తెర తెచ్చిచ్చి, "అమ్మా, ఇంతకుముందు నిజంగా కటింగ్ చేశారా?" అని అడిగాడు. ఇంత వయసొచ్చాక ఆ మాట పడ్డా.

ఇంటికొచ్చి నా కుక్క కళ్ళు నేనే చూసుకుంటా. నేను తలుపేసుకుని చేస్తే ఒక్క నిమిషం పని. నువ్వు దాన్ని వేధించకు, అప్పటిదాకా చుక్కలు మాత్రం వెయ్యి.

అత్త


జూన్ 19
(ఎక్స్‌ప్రెస్)

అత్తా,

రావద్దు. ఉద్యోగం వద్దని చెప్పి ఉంటే వెనక్కి తీసుకో. ఈ ఉత్తరం నీకు శనివారం లోపల చేరాలని పోస్టాఫీసు మూయకముందే పరుగెత్తుకెళ్ళి వేస్తున్నాను.

రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి తేడాలు చూడడం నా పని. నువ్వు కార్ఖానా కత్తెరల గురించి రాసిన వాక్యాలు చదువుతుంటే ఇవి ఎక్కడో దిద్దానే అనిపించింది. కోయదు, నములుతుంది. పై రెక్క అడ్డం వస్తుంది. గీత కనపడదు. ఇవి నేను నీ కత్తెర గురించి రాసిన మాటలే. నీ కత్తెర నా చేతిలో ఎలా ఉందో, వాళ్ళ కత్తెర నీ చేతిలో అలా ఉంది. రెండూ పదునుగానే ఉన్నాయి.

ప్రెస్సు నుంచి కాగితాల కత్తెర తెచ్చి నీ చిన్న కత్తెర పక్కన బల్ల మీద పెట్టాను. నా దాంట్లో పైకి లేచే రెక్క కుడి వైపు ఉంది. నీ దాంట్లో ఎడమ వైపు ఉంది. ఒకదాన్ని అద్దంలో చూస్తే ఇంకొకటి. తర్వాత నీది ఎడమచేత్తో పట్టుకుని గుడ్డపీలిక మీద పెట్టాను. నా ఎడమచెయ్యి ఎందుకూ పనికిరాదు, అయినా గుడ్డ తనంతట తానే విడిపోయింది.

నువ్వు ఎడమచేత్తో కోస్తావు. అందుకే తలుపు వేసుకుంటావు.

అత్తా, నువ్వు కుడిచేత్తో తింటావు, కుడిచేత్తో రాస్తావు. ఎవరూ కనిపెట్టలేరు. మా కాన్వెంటులో ఒక అమ్మాయి ఎడమచేత్తో రాసేది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చోమని సిస్టరు చెప్పేది. ఆ అమ్మాయి దాన్ని ఎవరో ఇచ్చి వెళ్ళిన చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని పదో తరగతి దాకా కూర్చుంది. నాకు ఇవాళంతా ఆ అమ్మాయే గుర్తొస్తోంది.

ఒక్కటి మాత్రం అడుగుతాను. నేను "నమిలింది" అని రాసినప్పుడే నీకు తెలిసి ఉండాలి కదా. "వేరే కత్తెర కొనుక్కో" అని ఒక్క వాక్యం చాలు. ఉద్యోగం మానేసి రావడం కన్నా ఒక వాక్యం రాయడం తేలిక కదా?

రేపు బడిపిల్లల కత్తెర కొంటాను, గుండ్రటి మొనలది. కానీ గొంగళి నన్ను దగ్గరికి రానివ్వదు. ఎలా చేస్తానో తెలియదు. చేస్తాను.

చీమ


జూన్ 22

అత్తా,

నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. శనివారం బస్సు దగ్గర నిలబడ్డాను. అందరూ దిగాక డ్రైవరు కూడా దిగాడు. నువ్వు లేవు. ఉద్యోగంలో ఉన్నావో, మానేసి ఎక్కడికైనా వెళ్ళావో, నా మీద కోపంతో కూర్చున్నావో తెలియదు. జరిగింది రాసేస్తాను.

గొంగళి బీరువా వెనక నుంచి రాలేదు. కొత్త కత్తెర చూపించనే లేదు, అయినా రాలేదు. అప్పుడు ఏమీ తోచక నీ మిషన్ ముందు కూర్చుని ఊరికే పెడలు తొక్కాను. కాసేపటికి గరాటు గోడకి గీసుకుంటున్న చప్పుడైంది. వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకుంది. ఆపాను, లేచి వెళ్ళిపోయింది. తొక్కాను, వచ్చింది. మిషన్ నడుస్తుంటే దానికి నువ్వు ఇంట్లో ఉన్నట్టే.

కానీ ఒక మనిషి మిషన్ తొక్కుతూ కంటి దగ్గర కత్తెర పట్టుకోలేదు. అందుకని కిందికి వెళ్ళి తాళాలావిడ తలుపు తట్టాను. ఏమని అడగాలో మెట్ల మీద కూడబలుక్కుని వెళ్ళాను. తలుపు తీసేసరికి ఒక్క మాటా గుర్తు లేదు. "మా కుక్క కన్ను పోతుందండీ, మీరు మా మిషన్ తొక్కాలి" అన్నాను.

"నేనా? ఆ మిషన్ ముట్టుకుంటే మీ అత్త నా కాళ్ళు విరగ్గొడుతుంది" అంది. అంటూనే చెప్పులు వేసుకుంది.

సూది తీసేశాను. ఆవిడ కూర్చుని తొక్కింది. నువ్వు వర్షంలా తొక్కుతావు, ఆవిడ ఎడ్లబండిలా తొక్కుతుంది. అయినా గొంగళి వచ్చింది. బల్ల మీదకి ఎత్తలేదు. నేనే నేల మీద దాని వెనక కూర్చుని, గరాటు విప్పి, దాని వీపు నా కడుపుకి ఆనించుకున్నాను. గుండె నా మోచేతికి తగులుతోంది. ముసలి గుండె అని డాక్టరు అన్న మాట గుర్తొచ్చి, ఒక్కో కోత తర్వాత ఆగి అది కొట్టుకుంటోందో లేదో చూసుకుని మళ్ళీ కోశాను.

మొదటి కోతకి జుట్టు తెగింది. ఆ చప్పుడు ఎంత చిన్నదో. నేను ఊపిరి వదిలాను, ఆవిడ కాలు ఆగింది. గొంగళి ఒళ్ళు బిగుసుకుంది, పెదవి లేచింది, పళ్ళు నా మణికట్టు పక్కనే. "ఆపకండి" అన్నాను. అరిచాను అనుకుంటాను. ఆవిడ మళ్ళీ తొక్కింది. పెదవి మెల్లగా దిగింది.

ముక్కు మీది జుట్టు ముందు తీశాను. తర్వాత ఎడమ కన్ను. కుడి కంటికి వచ్చేసరికి, చీముతో జుట్టు కనుగుడ్డుకే అతుక్కుని ఉంది. దూది, నీళ్ళు, మళ్ళీ దూది. నా వేలు కంటికీ కత్తెరకీ మధ్య పెట్టి, వేలి మీదుగా కోశాను. తెగితే నా వేలు తెగాలి. ఆవిడ మధ్యలో, "ఇంకా ఎంతసేపమ్మాయ్, ఈ మోకాళ్ళు నావి కావు" అంది. కానీ ఆపలేదు. ఆ కంట్లో పుండు చూసిన దగ్గర నుంచీ మెట్లకి ఫినాయిలు మానేశానని కూడా చెప్పింది. నేను గమనించనే లేదు.

అయ్యాక చూస్తే వంకరగా ఉంది. ఒక కనుబొమ ఎగరేసి ఎవరినో అనుమానిస్తున్నట్టు ఉంది. కానీ రెండు కళ్ళూ బయట ఉన్నాయి. కుడిది తెల్లగా, పొగ పట్టిన గాజులా ఉంది. దాంతో చూస్తోందో లేదో నాకు తెలియదు. డాక్టరు మందు పని చేయడానికి వారం ఇవ్వమన్నాడు. చేయకపోతే ఏం చేయాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

నీ గురించి ఆ ఉత్తరంలో రాసింది రాయకుండా ఉండవలసిందేమో. కోపం ఉంటే కోపమైనా రాయి.

చీమ


జూన్ 26

చీమా,

నీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం శుక్రవారం అందింది. అప్పటికి సంచి సర్దుకుని ఉన్నా. చదివి సంచి మీదే కూర్చున్నా. చాలా కోపం వచ్చింది. నీ మీద కాదు అని రాయాలి, కానీ నీ మీదే. ఎవరూ అనని మాట నువ్వు అచ్చేసినట్టు రాసి పంపావు.

తేలిక అన్నావు. తేలిక కాదే. తినడం, రాయడం, కుట్టడం అన్నీ ఈ కుడిచేతికి కొట్టి నేర్పారు. కోయడం ఎవరూ నేర్పలేదు, ఆడపిల్లకి కటింగ్ ఎందుకని. అదొక్కటే నా చెయ్యి తనంతట తాను నేర్చుకుంది. అప్పట్లో నేను పని చేసిన కుట్టుకొట్లో మాస్టరు చూశాడు. ఒకరోజు ఆ రెండు కత్తెరలూ ఎక్కడి నుంచో తెప్పించి నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన పోయేదాకా ఆయనకీ నాకూ మధ్య ఆ మాట రాలేదు. ఎవరి మధ్యా రానివ్వలేదు నేను. నువ్వు "నమిలింది" అని రాయగానే ఎందుకో నాకు తెలిసిపోయింది. అది పైకి రాకముందే కాగితం మాట రాసేశా.

నా కుక్క కన్ను పోతుంటే కూడా రాయలేకపోయానంటే చూడు.

శనివారం సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళా. మానేస్తున్నానని చెబుదామనే వెళ్ళా. నోరు తెరిస్తే, "నాది ఎడమచేతి వాటం, మీ కత్తెరలు నాకు పనికిరావు" అని వచ్చింది. హాల్లో మిషన్లు నడుస్తున్నాయి, ఆయనకి వినపడలేదు. "ఏంటమ్మా?" అన్నాడు. ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది, అరిచి. అప్పుడే కరెంటు పోయి మిషన్లన్నీ ఆగాయి. హాలంతా విన్నది. ఎవరో నవ్వారు. ఎవరో, "నాదీ అంతే అక్కా" అన్నారు.

సొంత సామాను తెచ్చుకోవడానికి ఒప్పుకున్నాడు. ఒక్క దొంతర కోసి చూపించమన్నాడు, అందరి ముందూ, హాలు మధ్య బల్ల మీద. అది బాగుంటే ఉంటా. లేకపోతే బస్సెక్కుతా.

పెద్ద కత్తెర పంపు. నువ్వే నీ చేత్తో చుట్టి పంపు. రెక్కల మధ్య గుడ్డ పెట్టు. కాగితం పెట్టకు.

కన్ను ఏమైందో ముందు రాయి. ఏమైనా సరే రాయి. "బతికే ఉంది" లాంటి మొదలు మాత్రం పెట్టకు.

అత్త


జూన్ 30

అత్తా,

కుడి కన్ను నిలిచింది.

డాక్టరు పచ్చరంగు చుక్క వేసి లైటు పెట్టి చూశాడు. పుండు మూసుకుంది. పైన తెల్లటి మచ్చ ఉండిపోతుందట, బియ్యపు నూక అంత. ఆ మచ్చ ఉన్న చోట మాత్రం దానికి మసకగా ఉంటుంది. మిగతాదంతా కనిపిస్తుంది. ఆయన నా ఎదురుగా నిలబడి, దాని ఎడమ కన్ను అరచేత్తో మూసి, దూది ఉండని గాల్లో వదిలాడు. అది నేల మీద పడేదాకా గొంగళి ముక్కు దాని వెంటే వెళ్ళింది. నేను అక్కడే ఏడ్చాను. డాక్టరు కిటికీ వైపు తిరిగి చేతులు కడుక్కున్నాడు, ఇంతకుముందే కడుక్కున్నా కూడా.

కత్తెర ఈ పార్సెల్లోనే ఉంది. రెక్కల మధ్య మెత్తటి గుడ్డ పెట్టాను, పైన ఫ్లానెల్, ఆ పైన తాళాలావిడ ఇచ్చిన పాత తువ్వాలు. ఆవిడ, "నేను ఇచ్చానని చెప్పు" అంది. చెప్పాను.

చుట్టే ముందు ఒకసారి ఎడమచేత్తో పట్టుకుని చూశాను. క్షమించు. ఇంత బరువు ఉంటుందని అనుకోలేదు. నువ్వు అందరి ముందూ కోసే రోజు ఏదో నాకు తెలియదు. తెలిస్తే ప్రెస్సుకి సెలవు పెట్టి వచ్చి వెనక నిలబడేదాన్ని. అక్కడ ఏం చేయాలో తెలియదు కానీ నిలబడేదాన్ని.

ఇవాళ గొంగళి మెట్ల మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరినీ చూసింది. నేను గేటు తీసుకుని వస్తుంటే దూరం నుంచే చూసి గట్టిగా మొరిగింది. దగ్గరికి వచ్చాక వాసన చూసి సిగ్గుపడింది. అన్నం పెట్టేది నేనని వాసనతో తెలుసు, నా ముఖం మాత్రం ఇప్పుడే సరిగ్గా చూస్తోంది అనుకుంటాను. దాని ముందు కూర్చున్నాను, బాగా చూసుకోమని.

చీమ